ఇరుకులోనూ ఊపిరాడే అక్షరం

గీతల కొసల్లో చిన్న పాదాలు లేకుండా సాదాగా ఉండే అక్షరాలను సాన్స్ సెరిఫ్ అంటారు. వాటిలో తక్కువ చోటులో ఎక్కువ మాటలు పట్టేలా గీసిన ఆధునిక ఫాంట్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: మా సంఘం తరఫున ప్రతి నెలా నాలుగు పేజీల సమాచార పత్రిక వేస్తాం. ఈసారి విషయం ఎక్కువ కావడంతో, మేము ఎప్పుడూ వాడే సాన్స్ సెరిఫ్ ఫాంట్‌నే పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా 80 శాతానికి కుదించాను. అంతా పట్టింది గానీ, అచ్చయి వచ్చాక చూస్తే అక్షరాలు నలిగినట్టుగా, పేజీ మొత్తం మసకబారినట్టుగా అనిపించింది. కండెన్స్‌డ్ ఫాంట్ వాడి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదని ఒక మిత్రుడు అన్నారు. రెండూ ఇరుకైన అక్షరాలే కదా, తేడా ఎక్కడ వస్తుంది?

జవాబు: మీ మిత్రులు చెప్పింది నిజం. ఇరుకుగా గీసిన అక్షరం వేరు, గీసిన తర్వాత ఇరికించిన అక్షరం వేరు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అక్షరం ఒక బొమ్మ మాత్రమే. దాన్ని అడ్డంగా 80 శాతం చేయమంటే నిలువుగీతల మందాన్నీ, లోపలి ఖాళీనీ, పక్కల ఖాళీనీ ఒకే లెక్కన తగ్గించేస్తుంది, నిలువు కొలతల జోలికి మాత్రం పోదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఫాంట్ గీసేవారు సాధారణంగా అక్షరం కూర్చునే చతురస్రాన్ని 1000 భాగాలుగా విడగొట్టి కొలతలు వేసుకుంటారు. ఆ కొలతలో ఒక అక్షరపు నిలువుగీత మందం 90 భాగాలు, అడ్డగీత మందం 80 భాగాలు అనుకోండి. ఈ పది భాగాల తేడా కావాలని పెట్టిందే. రెండింటినీ ఒకే మందంతో గీస్తే అడ్డగీత మన కంటికి లావుగా కనిపిస్తుంది కాబట్టి, సమానంగా ఉన్నట్టు తోచడం కోసమే దాన్ని కొంచెం పలచన చేస్తారు. మీరు 80 శాతానికి కుదించగానే 90 ఉన్న నిలువుగీత 72కు పడిపోయింది, అడ్డగీత 80 దగ్గరే నిలిచింది. అసలే లావుగా కనిపించే గీత నిజంగానే లావైంది, అక్షరాన్ని నిలబెట్టే గీత బక్కచిక్కింది. చదివేటప్పుడు కన్ను ఎక్కువగా పట్టుకునేది నిలువుగీతల వరుసనే. ఆ వరుస బలహీనపడడం వల్లనే పేజీ మసకబారినట్టు మీకు అనిపించింది.

గుండ్రని అక్షరాల సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఇంగ్లీషు ‘ఓ’ను పక్కల నుంచి నొక్కితే అది కోడిగుడ్డులా అవుతుంది, దాని లోపలి ఖాళీ పైనా కిందా సన్నబడిపోతుంది. ఇరుకు ఫాంట్‌ను మొదటి నుంచి గీసే కళాకారుడు అలా చేయడు. ‘ఓ’ పక్కలను దాదాపు నిలువుగీతల్లా తిన్నగా దించి, వంపును పైకీ కిందికీ మాత్రమే పరిమితం చేస్తాడు. అప్పుడు వెడల్పు తగ్గినా లోపలి ఖాళీ పొడవునా ఒకే తీరుగా ఉంటుంది, పక్కనున్న ‘ఎన్’ నిలువుగీతలతో ఆ ‘ఓ’ పక్కలు వరుస కలుస్తాయి. ‘ఎమ్’లో మూడు నిలువుగీతలు ఉంటాయి కాబట్టి దాన్ని ‘ఎన్’ తగ్గినంతగా తగ్గించడం కుదరదు, కొన్ని ఫాంట్లలో దాని గీతలను విడిగా కొంచెం సన్నం చేస్తారు. ‘డబ్ల్యూ’, ‘కె’ వంటి వాటిలో ఏటవాలు గీతలు కలిసే మూలల్లో నలుపు పేరుకోకుండా అక్కడ గీతను లోపలి నుంచి చెక్కుతారు. అంటే ఇరుకు ఫాంట్‌లో ప్రతి అక్షరానికీ వేరే వైద్యం జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అన్నింటికీ ఒకే మందు వేస్తుంది.

ఈ ఆలోచనను పద్ధతిగా చేసి చూపించిన ఫాంట్ యూనివర్స్. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్రియన్ ఫ్రూటిగర్ రూపొందించిన ఈ ఫాంట్ 1957లో 21 రూపాల కుటుంబంగా వచ్చింది. బోల్డ్, లైట్ వంటి పేర్లకు బదులు ఆయన ప్రతి రూపానికీ రెండంకెల సంఖ్య ఇచ్చారు. మొదటి అంకె మందాన్ని, రెండవ అంకె వెడల్పును, వాలును తెలుపుతాయి. 55 మామూలు రూపం, 57 ఇరుకు రూపం, 59 ఇంకా ఇరుకైనది. 55నూ 57నూ పక్కపక్కన పెట్టి ఒకే అక్షరాన్ని పోల్చి చూడండి. ఒకదాన్ని నొక్కి రెండవదాన్ని చేశారని ఎక్కడా అనిపించదు, ఒకే చేతితో రెండుసార్లు రాసినట్టు ఉంటుంది.

మీ పత్రిక విషయానికి వస్తే, వరుస కుదరడానికి ఒకటి రెండు శాతం కుదించినా ఎవరికీ తెలియదు, అంతకు మించితే తెలుస్తుంది. కండెన్స్‌డ్ ఫాంట్‌కు మారినప్పుడు మరొక విషయం గుర్తుంచుకోవాలి. అక్షరాలు సన్నబడితే అదే కాలమ్ వెడల్పులో ఒక్కో వరుసకు ఎక్కువ అక్షరాలు పడతాయి. సాధారణంగా వరుసకు 45 నుంచి 75 అక్షరాలు ఉంటే కన్ను సులువుగా తర్వాతి వరుస అందుకుంటుందని అంటారు. ఆ హద్దు దాటుతుంటే కాలమ్‌ను కూడా సన్నం చేయవలసిందే. ఇంకొక మాట, కొంచెం కటువుగా ఉంటే మన్నించండి: విషయం ఎక్కువైనప్పుడు మొదట కుదించవలసింది వాక్యాలను, అక్షరాలను కాదు.

ప్రశ్న: కొన్ని ఫాంట్లను కండెన్స్‌డ్ అంటారు, కొన్నింటిని కాంపాక్ట్ అంటారు. ఇవి రెండూ ఒకటేనా?

జవాబు: ఈ మాటలను ఒక్కో సంస్థ ఒక్కో తీరుగా వాడుతుంది కాబట్టి గట్టి హద్దు లేదు. అయినా అర్థం చేసుకోవడానికి ఒక తేడా చెప్పుకోవచ్చు. కండెన్స్‌డ్ అంటే ముఖ్యంగా వెడల్పు తగ్గించిన రూపం. కాంపాక్ట్ అన్నప్పుడు వెడల్పుతో పాటు అక్షరం తన చోటును ఎంత పొదుపుగా వాడుకుంటుందన్నది చూస్తాం. అందులో ఎత్తుల పాత్ర పెద్దది. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ‘ఎక్స్’ ఎంత ఎత్తు ఉంటే దాన్ని ఎక్స్ ఎత్తు అంటారు. ఆ ఎత్తును పెంచి, ‘హెచ్’, ‘డి’లలో పైకి లేచే కొమ్మునూ, ‘పి’, ‘జి’లలో కిందికి దిగే తోకనూ పొట్టి చేస్తే, తక్కువ పాయింట్ సైజులోనే అక్షరం పెద్దదిగా కనిపిస్తుంది, వరుసల మధ్య దూరమూ తగ్గించుకోవచ్చు. అయితే ఈ పొదుపుకు ఖరీదు ఉంది. కొమ్ము మరీ పొట్టిదైతే ‘హెచ్’కూ ‘ఎన్’కూ, ‘డి’కీ ‘ఎ’కూ తేడా తగ్గిపోతుంది. ఎక్స్ ఎత్తు ఎంత పెంచాలో తెలిసిన చేయి, ఎక్కడ ఆపాలో కూడా తెలుసుకుని ఉండాలి.

ఒకే చేతి నుంచి వచ్చిన రెండు ఫాంట్లను పోల్చితే ఇది బాగా తెలుస్తుంది. మాథ్యూ కార్టర్ మైక్రోసాఫ్ట్ కోసం వెర్డానా, తహోమా రెండింటినీ గీశారు. 1996లో విడుదలైన వెర్డానాను అప్పటి ముతక కంప్యూటర్ తెరలపై అక్షరాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఉండడానికి వెడల్పుగా, మధ్యలో ఎక్కువ ఖాళీతో రూపొందించారు. తహోమాలో అదే పోలికలు కనిపిస్తాయి గానీ అక్షరాలు సన్నగా, దగ్గరగా ఉంటాయి, అందుకే బటన్లు, మెనూలు వంటి చిన్న పెట్టెల్లో అది ఇమిడిపోయింది.

పేరులోనే కాంపాక్ట్ ఉన్న ఫాంట్ ఒకటి ఉంది. ఆపిల్ సంస్థ తన చేతి గడియారం కోసం 2014లో ప్రకటించిన శాన్ ఫ్రాన్సిస్కో ఫాంట్‌లో ఆ గడియారపు రూపాన్ని తర్వాత ఎస్ఎఫ్ కాంపాక్ట్ అని పిలిచారు. ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే ఎస్ఎఫ్ ప్రోతో పోల్చితే దీని ‘ఓ’, ‘ఇ’, ‘సి’ వంటి గుండ్రని అక్షరాల పక్కలు తిన్నగా ఉంటాయి. దీని వల్ల కలిగే లాభం పైకి వింతగా అనిపిస్తుంది: రెండు గుండ్రని పొట్టలు ఎదురెదురుగా తగలకపోవడంతో అక్షరాల మధ్య గాలి ఎక్కువ మిగులుతుంది. అంత చిన్న తెరపై చూపు తిప్పినంతలో మాట చదవాలంటే అక్షరం పరిమాణం కన్నా ఆ గాలే ఎక్కువ సాయం చేస్తుంది. నన్నడిగితే మంచి కాంపాక్ట్ ఫాంట్‌కు గుర్తు అదే. చోటును అక్షరం లోపల తగ్గించినా, అక్షరాల నడుమ ఊపిరి ఆడనివ్వాలి.

ప్రశ్న: సాన్స్ సెరిఫ్‌ను అందరూ ఆధునికం అంటారు. అది ఎప్పటిది?

జవాబు: మీరు అనుకునే దానికన్నా పాతది. లండన్‌లో నాలుగవ విలియం కాజ్లన్ అనే అచ్చు అక్షరాల తయారీదారు 1816 ప్రాంతంలో తన నమూనా పుస్తకంలో పాదాలు లేని పెద్ద అక్షరాలను ఒక్క వరుసలో చూపించారు. సాన్స్ సెరిఫ్ అనే పేరును 1832లో విన్సెంట్ ఫిగిన్స్ వాడారు. జర్మనీలో 1898 నాటి ఆక్సిడెన్జ్ గ్రోటెస్క్ మీదుగా 1957లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన నోయె హాస్ గ్రోటెస్క్ దాకా ఆ దారి సాగింది. మాక్స్ మీడింగర్, ఎడ్వర్డ్ హాఫ్మన్ తీర్చిదిద్దిన ఆ చివరి ఫాంట్‌కే 1960లో హెల్వెటికా అని పేరు మార్చారు. తమాషా ఏమిటంటే, అక్షరశాస్త్రపు పాత వర్గీకరణలో ‘మోడరన్’ అన్న పేరు బొదోని, దీదో వంటి 18వ శతాబ్దపు చివరి నాటి సెరిఫ్ అక్షరాలకు చెందుతుంది. అందువల్ల పాత ముద్రాపకులతో మాట్లాడేటప్పుడు ఆ మాట జాగ్రత్తగా వాడండి.

ప్రశ్న: ఇరుకు సాన్స్ సెరిఫ్‌ను ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు? నేను ఒక పుస్తకాన్ని మొత్తం అందులోనే కూర్చాలని అనుకుంటున్నాను. కాగితం కలిసి వస్తుందన్నది నా ఆశ.

జవాబు: పుస్తకం మొత్తానికి వద్దు. ఇరుకు అక్షరం మనం వెతికి చదివే చోట్ల బాగుంటుంది, కూర్చుని చదివే చోట్ల అలసట తెస్తుంది. పట్టికలు, సూచికలు, సమయ పట్టికలు, దరఖాస్తు ఫారాలు, మ్యాపుల మీది పేర్లు, డబ్బాల మీది చిన్న లేబుళ్లు, ఫోన్ తెరపై మెనూలు, పటాల కింది వివరణలు, ఇవన్నీ దానికి పుట్టిల్లు. పాఠకుడు అక్కడ ఒక మాట కోసమో అంకె కోసమో వస్తాడు, దొరకగానే వెళ్లిపోతాడు. మూడు వందల పేజీల పాటు అతడిని నిలబెట్టవలసిన పనికి మామూలు వెడల్పే మేలు. మీ పుస్తకంలో అనుబంధాలు, పదసూచిక ఉంటే అక్కడ వాడండి, కాగితం అక్కడే బాగా కలిసి వస్తుంది.

ఈ వెతికి చదవడం అన్నదానికి టెలిఫోన్ డైరెక్టరీని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ డైరెక్టరీలను 1938లో వచ్చిన బెల్ గోథిక్ అనే ఫాంట్‌తో అచ్చు వేసేది. అచ్చు పద్ధతులు మారి, వేగంగా తిరిగే ఆఫ్‌సెట్ యంత్రాలు వచ్చాక ఆ అక్షరాల గీతలు విరిగినట్టు కనబడడం మొదలైంది. అప్పుడు ఇందాక చెప్పిన మాథ్యూ కార్టరే బెల్ సెంటెన్నియల్‌ను గీశారు, అది 1978లో వచ్చింది. ఆరు పాయింట్ల సైజులో, చౌక రకం కాగితంపై, సిరా పాకే చోట చదవగలగాలి. అందుకోసం గీతలు కలిసే మూలల్లో లోతైన గాట్లు పెట్టారు. అచ్చులో పాకిన సిరా ఆ గాట్లను నింపుతుంది, అక్షరం అప్పుడు సరైన రూపానికి వస్తుంది. ఆ ఫాంట్‌ను పెద్ద సైజులో చూస్తే ఎలుక కొరికినట్టు కనిపిస్తుంది, డైరెక్టరీ పేజీలో చూస్తే నున్నగా ఉంటుంది. పేరు, చిరునామా, శీర్షిక వంటి ఒక్కో పనికి ఒక్కో రూపం విడిగా గీశారు. ఈ మధ్య కొందరు ఆ గాట్లను అందం కోసం పెద్ద పోస్టర్ల మీద వాడుతున్నారు. తప్పేమీ లేదు గానీ, గొడుగును ఇంట్లో వేసుకున్నట్టు ఉంటుంది.

దూరం నుంచి చదివే బోర్డుల విషయంలో జర్మన్ పద్ధతి నాకు నచ్చుతుంది. 1931లో ముసాయిదాగా వచ్చి 1936లో స్థిరపడిన డిన్ 1451 ప్రమాణంలో మధ్యస్థ వెడల్పు రూపం, ఇరుకు రూపం రెండూ ఉన్నాయి. అక్కడి రహదారి బోర్డులకు మధ్యస్థ రూపమే ప్రధానం, పేరు పొడవై బోర్డులో పట్టనప్పుడు ఇరుకు రూపం వస్తుంది. ఈ నియమాన్ని ఎవరైనా కళ్లు మూసుకుని పాటించవచ్చు. రాత్రిపూట వాహనాల దీపాలు పడినప్పుడు మెరిసే అక్షరం చుట్టూ వెలుగు వ్యాపిస్తుంది, ఇరుకు అక్షరంలో లోపలి ఖాళీ మొదట పూడుకుపోయేది ఆ వెలుగుతోనే. చోటు ఉండగా ఇరికించడం పొదుపు అనిపించుకోదు. డిన్ అక్షరాలను ఆధారం చేసుకుని ఆల్బర్ట్ యాన్ పోల్ 1995లో తెచ్చిన ఎఫ్ఎఫ్ డిన్ ఆ తర్వాత అచ్చులోనూ విస్తారంగా వాడుకలోకి వచ్చింది.

ప్రశ్న: ధరల పట్టికలు తయారుచేసే పని నాది. ఫాంట్‌ను ఎంచుకునే ముందు ఏమి పరీక్షించాలి?

జవాబు: అంకెలను, అంకెల తర్వాత మళ్లీ అంకెలను. మొదట ఒకటి అంకె, చిన్న ‘ఎల్’, పెద్ద ‘ఐ’ పక్కపక్కన టైపు చేయండి. చాలా సాన్స్ సెరిఫ్‌లలో ఈ మూడూ మూడు కర్రల్లా నిలబడతాయి. తర్వాత సున్నానూ, పెద్ద ‘ఓ’నూ పోల్చండి. ఇరుకు ఫాంట్‌లో ‘ఓ’ కూడా సన్నబడి సున్నా పోలికకు వచ్చేస్తుంది. మూడు, ఎనిమిది, ఆరు, తొమ్మిది అంకెలను మీరు నిజంగా అచ్చు వేయబోయే సైజులో, అదే కాగితం మీద వేసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ఆరు, తొమ్మిది అంకెల నోళ్లు మూసుకుపోయినట్టుంటే అవి ఎనిమిదిగా కనబడతాయి. నేను కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో ఒక సభ్యుల జాబితాను తెరపై పెద్దగా చేసి చూసుకుని సంతృప్తిపడి అచ్చుకు పంపాను. ఫోన్ నంబర్లు తప్పు పడ్డాయని ఫిర్యాదులు వచ్చాయి. నంబర్లు సరిగానే ఉన్నాయి, చదవడానికి వీలులేని మూడులే ఎనిమిదులయ్యాయి.

అలాగే ఫాంట్‌లో సమాన వెడల్పు అంకెలు ఉన్నాయో లేదో చూడండి. కొన్ని ఫాంట్లలో ఒకటి అంకె సన్నగా, మిగతావి వెడల్పుగా ఉంటాయి. వాక్యంలో అది అందంగానే ఉంటుంది గానీ, కూడిక పట్టికలో ఒకట్ల స్థానం కింద ఒకట్లు రావు. ఓపెన్‌టైప్ అనే ఫైలు పద్ధతిలో వచ్చే ఫాంట్లలో రెండు రకాలూ కలిపి ఇవ్వవచ్చు, ఇచ్చారా లేదా అన్నది సాఫ్ట్‌వేర్‌లోని ఓపెన్‌టైప్ మెనూ తెరిస్తే తెలుస్తుంది.

చివరగా ‘ఆర్’, ‘ఎన్’ అక్షరాలను పక్కపక్కన పెట్టి చూడండి. అవి కలిసి ‘ఎమ్’లా కనిపిస్తే ఆ ఫాంట్‌కు లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఖాళీ, కొంచెం పెంచండి. సైజు తగ్గేకొద్దీ మధ్య ఖాళీ పెరగాలి, సైజు పెరిగేకొద్దీ తగ్గాలి.

ప్రశ్న: తెలుగులో సాన్స్ సెరిఫ్ అంటూ ఉంటుందా? ఇంగ్లీషు ఇరుకు ఫాంట్ పక్కన తెలుగును ఎలా కుదర్చాలి?

జవాబు: తెలుగు అక్షరానికి పాదాలు ఎప్పుడూ లేవు, కాబట్టి వాటిని తీసేయడం అన్న ప్రశ్నే రాదు. గీత అంతటా దాదాపు ఒకే మందంతో సాగే తెలుగు ఫాంట్లను సాన్స్ సెరిఫ్‌కు జోడీగా ఎంచుకుంటారు. నోటో సాన్స్ తెలుగు అటువంటిది. చిక్కు పొదుపు దగ్గర వస్తుంది. ఇంగ్లీషు అక్షరం పక్కకు పరుచుకుంటే, తెలుగు అక్షరం పక్కకూ పైకీ కిందికీ కూడా పరుచుకుంటుంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్న మాటలు వేసి చూడండి. గుడి దీర్ఘం పైన, ఒత్తులు కింద, ఒక్కో చోట ఒత్తు కింద ఒత్తు. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల దూరంలో తెలుగును పోస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ముందు తెలుగుకు కావలసిన వరుసల దూరాన్ని నిర్ణయించి, ఇంగ్లీషును దానికి సర్దండి, దీన్ని తలకిందులు చేయకండి.

సైజును కూడా పాయింట్ల లెక్కతో కలపకండి. తెలుగు అక్షరపు గుండ్రని శరీరం, ఇంగ్లీషు ఎక్స్ ఎత్తు కంటికి ఒకే స్థాయిలో కనిపించేదాకా ఏదో ఒకదాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూడడమే మార్గం. తెలుగును అడ్డంగా కుదించే పని అసలు పెట్టుకోవద్దు. ‘ధ’కూ ‘థ’కూ నడుమ ఉన్నది ఒక చుక్క, ‘ద’కూ ‘ధ’కూ నడుమ ఉన్నది కింది చిన్న గీత. నొక్కిన అక్షరంలో ముందుగా పూడిపోయేవి అవే, అప్పుడు అందం సంగతి అటుంచి మాటే మారిపోతుంది.

ప్రశ్న: వేరియబుల్ ఫాంట్ అనే మాట ఈ మధ్య వింటున్నాను. అది వస్తే విడిగా కండెన్స్‌డ్ ఫాంట్ అవసరం ఉండదా?

జవాబు: చాలా వరకు ఉండదు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, అడోబ్ సంస్థలు 2016లో కలిసి ప్రకటించిన ఈ పద్ధతిలో మామూలు రూపం, ఇరుకు రూపం వంటి కొసలను కళాకారుడు విడివిడిగా గీసి ఒకే ఫైలులో పెడతాడు. మీరు మీట జరిపినప్పుడు ఆ రెంటి నడుమ ఏ వెడల్పు కావాలంటే ఆ వెడల్పు వస్తుంది. మొదటి ప్రశ్నలో చెప్పిన కుదింపులాగా ఇది కనిపించవచ్చు గానీ, ఇక్కడ నిలువుగీతల మందం కళాకారుడు నిర్ణయించిన దారిలోనే మారుతుంది. అయితే ప్రతి వేరియబుల్ ఫాంట్‌లోనూ వెడల్పు మీట ఉండదు, కొన్నింటిలో మందం మీట ఒక్కటే ఉంటుంది. తీసుకునే ముందు ఆ వివరం చూసుకోండి. దానితో పాటు లైసెన్స్ షరతులు కూడా చదవండి. ఐబీఎం ప్లెక్స్ సాన్స్ వంటి కుటుంబాలు స్వేచ్ఛా లైసెన్స్‌తో వస్తాయి, వాటిలో ఇరుకు రూపాలూ ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ పాతదై వేరియబుల్ ఫాంట్‌ను గుర్తించకపోతే, విడి కండెన్స్‌డ్ ఫైలే ఇప్పటికీ పనికొస్తుంది.